ఎర్ర తలుపుల మోటెల్ పాట

వాటర్లూలో చదువుకుంటున్న పిల్లలిద్దరు కిందటి నెల కెనడాలో, కనాటా అనే ఊళ్లో ఉన్న మా ఇంటికి వచ్చారు. అబ్బాయి భుజాన గిటారు, అమ్మాయి చేతిలో నోట్‌బుక్కు. "ఆంటీ, మేమిద్దరం కలిసి పాటలు రాద్దామనుకుంటున్నాం. మీరు అన్నేళ్లు అదే పని చేశారంట కదా, ఎలా ఉంటుందో చెప్పండి" అన్నారు. మిరపకాయ బజ్జీలు వేశాను, టీ ఇచ్చాను. పాటల సంగతి అడిగినప్పుడల్లా ఇంకో బజ్జీ వడ్డించాను. పాపం, కడుపు నిండా తిని, ఏమీ తెలుసుకోకుండా బస్సెక్కి వెళ్లిపోయారు.

చెప్పాల్సింది చెప్పలేదని అప్పటినుంచీ మనసు పీకుతోంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో గానీ, ఈ పనిలోకి వచ్చేవాళ్లకి తెలియడం మంచిది. ఎన్ని ఊళ్లు తిరిగాం, ఏ బహుమతులు వచ్చాయి అన్న చిట్టా ఇందులో ఉండదు. బహుమతులు వచ్చినవే రెండు. అందులో ఒకటి పశువుల ప్రదర్శనలో, మంచి ఆవుకి ఇచ్చిన తర్వాత మాకిచ్చారు.

డోరీనూ నేనూ

నేను కనాటాకి వచ్చింది టెలిఫోన్ స్విచ్చులు టెస్ట్ చేసే ఇంజనీరుగా. ఏడేళ్లు చేశాక ఒక శుక్రవారం మా ఫ్లోరు మొత్తానికి అట్టపెట్టెలు ఇచ్చి, సామాన్లు సర్దుకోమన్నారు. ఆ బిల్డింగ్ క్యాంటీన్‌లో సూపు వడ్డించే డోరీన్‌కీ అదే రోజు ఒక పెట్టె ఇచ్చారు. సస్కచవాన్ గోధుమ పొలాల మధ్య పుట్టిన మనిషి. ఇద్దరం బస్‌స్టాపులో పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. మంచు పడుతోంది, బస్సు రాదు. ఆవిడ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ రాగానికి సరిపోయేలా రెండు ముక్కలు ఇంగ్లీషులో నా నోటి నుంచి వచ్చేశాయి. బస్సు వచ్చేసరికి పల్లవి అయింది. మేమిద్దరం పాటల జంట అయింది అలా.

కంట్రీ సంగీతమంటే ఇక్కడి పల్లెల పాట. పొలం, ట్రక్కు, విడిపోయిన మొగుడు, చచ్చిపోయిన కుక్క, అన్నీ ఉంటాయి. మన జానపదానికి దూరపు చుట్టం అనుకోండి. మా ఆయనకి చెబితే, "రాజమండ్రి నుంచి ఇంత దూరం వచ్చింది బ్యాండుమేళంలో చేరడానికా?" అన్నారు. మొదటి టూరుకి పులిహోర కలిపి డబ్బాలో పెట్టిచ్చింది కూడా ఆయనే.

డోరీన్ నోటికి వసుంధర అన్న నా పేరు తిరగలేదు, వాసూ అనేది. ఆవిడ మాటలు ఇక్కడ నా తెలుగులోనే చెబుతాను, క్షమించాలి.

మాకొక పాత వ్యాను ఉండేది. వెనక సీట్లు పీకేసి పరుపు వేశాం, పరుపుకి రెండు పక్కలా గిటార్లు. హైవే మీద డ్రైవింగ్ అంటే నాకు భయం, కాబట్టి ఎప్పుడూ ఆవిడే నడిపేది. అందులోంచి ఒక పద్ధతి పుట్టింది. నడిపే మనిషి రాగం తీయాలి, పక్కసీటు మనిషి మాటలు రాయాలి. బండి ఆగితే పాట ఆగిపోవాలి. ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఒక్క పాటా రాయలేదు మేము.

ఆ ప్రయాణాలు ఇప్పటికీ నాకు సగం నిజంలా, సగం నిద్రలా అనిపిస్తాయి. సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున రోడ్డు పొగమంచులోకి వెళ్లి ఎటో మాయమైపోతుంది. వైపర్లు ఇటూ అటూ ఊగుతుంటాయి. డోరీన్ గొంతులో రాగం ఇంజను చప్పుడుతో కలిసిపోయి, ఏది ఏదో తెలిసేది కాదు. చెట్లు, నీళ్లు, చెట్లు, నీళ్లు. నేను రాసిన మాట నేనే రాశానో, కిటికీ బయట నుంచి వచ్చిందో నాకు తెలిసేది కాదు. మధ్యలో ఒక పెట్రోలు బంకు కనిపిస్తే, ఇక్కడికి కిందటి జన్మలో ఎప్పుడో వచ్చామనిపించేది. కిందటి జన్మ కాదు, కిందటి వసంతంలోనే వచ్చి ఉంటాం. చాలా హాయిగా ఉండేది. ఉన్నమాట చెబుతున్నాను, ఈ వృత్తిలో నాకు దక్కిన సుఖమంతా ఆ పక్కసీట్లోనే దక్కింది.

ఊరి చరణం

మాకు హాళ్లు కుదిర్చిపెట్టే పెద్దాయన ఒకడుండేవాడు, వాల్టర్ అని. నోరు తెరిస్తే తిట్టే. నేను కష్టపడి రాసిన నాలుగో చరణం విని, "ఇది నీకోసం రాసుకున్నావు, ఇంటికెళ్లి అద్దం ముందు పాడుకో" అన్నాడొకసారి. మూడు రోజులు అలిగాను నేను. తర్వాత ఆ చరణం కొట్టేశాను. ఆయన చెప్పిందే నిజం.

ఆయన ఇంకో మాట చెప్పాడు. "చిన్న ఊళ్లలో జనం మీ పాట కోసం రారు. తమ ఊరు మీ పాటలో కనిపిస్తుందేమోనని వస్తారు." అది వినగానే నాకు మా గోదావరి వైపు ఊడ్పుల పాటలు గుర్తొచ్చాయి. ముందు పాడే మనిషి ఏ చేలోకి దిగితే ఆ చేను ఆసామి పేరు చరణంలో ఇరికించి ఆటపట్టిస్తుంది. ఆసామి పిసినారి అయితే పిసినారి అనే పాడుతుంది. వరసంతా నవ్వుతుంది, గట్టు మీద ఆసామీ నవ్వుతాడు. నవ్వక ఛస్తాడా, నాట్లు పడాలి కదా!

సరే, అదే ఇక్కడ పెట్టాను. మా ప్రతి పాటలో మూడో చరణం ఖాళీగా ఉంచేదాన్ని. ఏ ఊరు వెళితే ఆ ఊరి వంతెన, ఆ ఊరి బేకరీ, పాడైపోయి ఆరు నెలలుగా బాగుచేయని ఆ ఊరి గడియారం, పొద్దున్నే తిరిగి చూసి, పాడేటప్పుడు అందులో పెట్టేదాన్ని. డోరీన్ దాన్ని 'ఊరి చరణం' అంది. జనం బల్లలు చరిచేవాళ్లు. ముందువరసలో ముసలివాళ్లు "మా ఊరు ఏదీ? మా ఊరు ఏదీ?" అని అరిచేవాళ్లు. మాకు పేరంటూ వచ్చింది దానివల్లే. తర్వాత కొంప ముంచిందీ అదే.

తెలుగా, ఆంటీ?

మొదటి పదిహేనేళ్లు టూరులో నేను తెలుగు మాట్లాడింది ఫోన్లో మా ఆయనతోనే. తర్వాత చదువులకని మన తెలుగు పిల్లలు వెల్లువలా రావడం మొదలైంది. ఒక ఏడాది ఒకళ్లు, మరుసటి ఏడాది పదిమంది, ఆ తర్వాత ఎక్కడ చూసినా వాళ్లే. ఎక్కడో ఉత్తరాన, దుప్పులు రోడ్డు దాటే ఊళ్లో కాఫీ కౌంటరు దగ్గర నిలబడితే, టోపీ కింద నుంచి రెండు కళ్లు నన్ను అనుమానంగా చూసి, "తెలుగా, ఆంటీ?" అనేవి. కాఫీలో చక్కెర నేను చెప్పకుండానే ఎక్కువ పడేది.

శిరీషని అలాగే చూశాను. ఊరి పేరు చెప్పను, ఒకసారి చెప్పి చేసిన నష్టం చాలు. సరస్సు ఒడ్డున, వంతెన అవతల ఒక మోటెల్, పన్నెండు గదులు, అన్నిటికీ ఎర్ర తలుపులు. మేం ప్రతి ఏడూ అక్కడ దిగేవాళ్లం. ఆ వసంతంలో గదులు శుభ్రం చేసే బండి తోసుకుంటూ ఒక సన్నటి పిల్ల వచ్చింది. సూర్యాపేట పిల్ల, అక్కడి కాలేజీలో చదువు. క్లాసులు లేని రోజుల్లో మోటెల్లో పని. ఊళ్లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలతో కలిసి ఉండేది, అందులో ఇద్దరు రాత్రి షిఫ్టుల వాళ్లు.

మా ఆయన చేసిచ్చిన కందిపొడి పెట్టి అన్నం కలిపిచ్చాను. గది మెట్ల మీద ఎండలో కూర్చుని తింటూ చెప్పింది.

"ఒకటి చెప్త ఆంటీ, ఎవ్వరికి చెప్పొద్దు. పొద్దుగాల పదకొండుకి చెకవుట్ అయితది, మూడింటికి చెకిన్. నడుమల నేను జల్ది జల్ది రూములు జేసి, ఆఖరి రూముల ఒక్క అర్ధగంట పండుకుంట."

"ఇంట్లో నిద్ర పట్టదా?"

"యాడ పడతది? ఒకరు వచ్చుడు, ఒకరు పోవుడు. ఈడ దుప్పటి ముడత పడకుండ, పైన నా జాకెట్ కప్పుకొని పండుకుంట. మస్తు నిద్రొస్తది. ఇంకోటి ఎరుకనా, ఒక్కో రూముల ఒక్కో తీరు కల వస్తది. నాలుగో రూముల నీళ్లు వస్తయి. తొమ్మిదిల, గోడకి వంకర పక్షి బొమ్మ ఉన్న రూముల, ఎప్పుడు రైలే. ముందుగాల పండుకున్నోళ్ల కలలు దిండుల మిగిలిపోతయేమో ఆంటీ. దుప్పట్లు మారుస్తం గని, దిండు అదే గద."

అమ్మా, ఈ మాట విన్నాక పాట రాయకుండా ఉండగలిగే మనిషినైతే నేను ఈ వృత్తిలోకి వచ్చేదాన్నే కాదు! రోజుకో ఊళ్లో, రోజుకో గదిలో, ఎవరో పడుకున్న దిండు మీద తల పెట్టుకుని పాతికేళ్లు తిరిగాం మేము. మాకు తట్టని మాట ఈ పిల్లకి తట్టింది.

"పాట రాసుకోనా?" అని అడిగాను. ఆ మాత్రం మర్యాద ఉంది నాకు.

అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచించింది. "రాయుండ్రి. గని మా ఓనర్‌కి తెల్వొద్దు. చదువు అయిపోయినంక సూపర్‌వైజర్ పోస్ట్ ఇస్త అన్నడు. ఈ దేశంల ఉండిపోనీకె పీఆర్ రావాలంటె ఆ ఎక్స్‌పీరియెన్స్ కావాలె ఆంటీ. అది పోతే నా పని ఖతం."

"తెలియదమ్మా. ఒట్టు" అన్నాను. దాని నెత్తి మీద చెయ్యి కూడా పెట్టాను.

నోటి దురద

మర్నాడు సరస్సు పక్క రోడ్డు మీద, మూడు గంటల్లో పాట తయారైంది. డోరీన్ అంత మెత్తటి రాగం అంతకుముందు తీయలేదు. మోటెల్‌ని పక్క రాష్ట్రం మనిటోబాకి మార్చాను, తలుపులకి నీలం వేశాను, పిల్లని నడివయసు కెనడా ఆవిడని చేశాను. ఈ ఒక్క పాటకి మూడో చరణం ఖాళీగా ఉంచకుండా మనిటోబా ఊరితోనే నింపేశాను. పల్లవి మాత్రం శిరీషదే.

దుప్పటి మారుస్తాను, తువ్వాలు మారుస్తాను,
దిండులో మిగిలిన కలని ఏం చేయను?

వేసవంతా పాడాం. హాల్లో కుర్చీల చప్పుడు కూడా ఆగిపోయేది. పడమటి వైపు పేరున్న గాయని ఒకావిడ, ఆ పాట తాను పాడతానని ఉత్తరం రాసింది. డోరీన్ ఆ ఉత్తరం మడిచి వ్యాను అద్దం వెనక దాచుకుంది, రోజూ తీసి చూసుకునేది.

సెప్టెంబరులో శిరీష వాళ్ల ఊళ్లో శరదృతువు సంత. మధ్యాహ్నం మా కచేరీ. హాలు నిండా జనం. మూడో వరసలో మోటెల్ ఓనరు, భార్య పోయిన పెద్దాయన, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వెనక గోడకి ఆనుకుని శిరీష, పక్కన వాళ్ల బేస్‌మెంట్ పిల్లలు. నన్ను చూసి చెయ్యి ఊపింది.

ఆ పాట ఎత్తుకునే ముందు డోరీన్ మైకు చేత్తో మూసి, "వాసూ, మూడో చరణం మనిటోబాదే" అంది. "తెలుసులే" అన్నాను.

రెండో చరణం అయింది. హాలంతా మెత్తగా ఊగుతోంది. ఎండ కిటికీల్లోంచి పడి జనం మొహాలన్నీ నిద్రలో ఉన్నట్టున్నాయి. నాకూ అలాగే ఉంది. అప్పుడు ముందువరసలోంచి ఒక ముసలాయన, "మా ఊరు ఏదీ?" అని అరిచాడు. పాతికేళ్ల అలవాటు. నా నోరు నా మాట వినలేదు. వంతెన దాటితే ఎర్ర తలుపులన్నాను. తొమ్మిదో గదిలో గోడ మీద వంకరగా వేలాడే లూన్ పక్షి బొమ్మ అన్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటితే ఆ మంచం మీద సూర్యాపేట పిల్ల కలగంటోందన్నాను. అవును, ఆ మాటా అన్నాను. లయకి చక్కగా సరిపోయింది మరి!

హాలు గొల్లుమంది. బల్లలు చరిచారు, ఈలలు వేశారు. అందరి తలలూ ఒకేసారి మూడో వరస వైపు తిరిగాయి. ఓనరు నవ్వలేదు. చేలగట్టు మీద ఆసామి కాదాయన, ఆటపట్టిస్తే నవ్వాలన్న ఆచారం ఆయనకి తెలియదు. వెనక గోడ దగ్గర పిల్లలందరూ మొదట చప్పట్లు కొట్టారు. శిరీష చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

డోరీన్ గిటారు వాయిస్తూనే ఉంది. నా వైపు చూడలేదు.

ఎవరికీ చెడు చేయాలని కాదు, జనం మెచ్చుకోవాలని. ఈ పనిలో జరిగే పాపాలన్నీ ఇలాంటివే. చిన్నవాళ్లు బాగా వినండి. నిజమైన వివరం పాటకి ప్రాణం, ఎవరూ కాదనరు. ఆ ప్రాణం ఎవరి ఒంట్లోంచి తీస్తున్నారో చూసుకోండి.

అర్ధగంట

మర్నాడు పొద్దున్నే మోటెల్ ఆఫీసు గదికి వెళ్లాను. "అదంతా నేను కల్పించింది, ఆ పిల్లకేం సంబంధం లేదు" అన్నాను.

ఓనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ బొమ్మ వంకరగా ఉందని మీకు కలలో కనిపించిందా? మీరెప్పుడు వచ్చినా దిగేది రెండో గదిలో" అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అలసిపోయానని ఆ అమ్మాయి నాతో చెప్పి ఉంటే, ఒక గది తాళం నేనే ఇచ్చేవాణ్ని. ఇప్పుడు వచ్చిన ప్రతి అతిథీ, ఈ మంచం మీద ఎవరు పడుకున్నారని నవ్వుతాడు. ఆమెని నేను ఉంచుకోలేను." చెడ్డవాడు కాదు. అదే నాకింకా బాధ.

శిరీష తొమ్మిదో గది మెట్ల మీద కూర్చుని ఉంది, యూనిఫాం మడిచి ఒళ్లో పెట్టుకుని. నేను పక్కన కూర్చోబోయి, కూర్చోలేకపోయాను.

"తప్పు చేశాను తల్లీ."

"పాట మంచిగుంది ఆంటీ" అంది. కోపం లేదు గొంతులో, ఉంటే బాగుండేది. "గని మాటిచ్చిన్రు గద."

"ఇచ్చాను."

"అర్ధగంట నిద్ర ఆంటీ. ఇంత పెద్ద దేశంల నాది అంటే గదొక్కటే ఉండె."

సిగ్గుతో చితికిపోయాను. అరవై ఏళ్ల దాన్ని, ఆ మెట్ల ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. చివరికి ఆ పిల్లే లేచి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నార్త్ యార్క్‌లో శిరీషకి స్నేహితురాలు ఉంది, సబ్‌వే రైలు స్టేషను దగ్గర కాండో ఫ్లాట్లో. అక్కడ దింపుతామన్నాను. డోరీన్‌తో, ఆ పాట ఇంక పాడొద్దనీ, ఆ గాయనికి ఇవ్వొద్దనీ చెప్పాను.

డోరీన్ మొహం ఎర్రబడింది. "సగం నాది, వాసూ. మాట తప్పింది నువ్వు, పాట కాదు. ఇన్నేళ్లకి ఒక్క మంచి పాట కట్టాం. దాన్ని చంపేయమంటావా?"

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? "నువ్వు ఎలా అంటే అలా" అని వ్యానెక్కాను.

తొమ్మిది గంటలు

శిరీషకి పీఆర్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ రెండేళ్లలో అది పడ్డ పాట్లు దానివి, నేను రాయను. ఇప్పుడు నార్త్ యార్క్‌లోనే బ్యాంకులో పనిచేస్తోంది. అందులో నా గొప్పేమీ లేదు. బతుకమ్మకి ఫోన్ చేస్తుంది. పాట సంగతి అది ఎత్తదు, నేనూ ఎత్తను. ఆ రోజు ప్రయాణం ఒక్కటీ చెప్పి ఆపుతాను.

పొద్దున్న తొమ్మిదికి బయల్దేరాం. శిరీష వెనక పరుపు మీద గిటార్ల మధ్య కూర్చుంది. వంతెన దాటామో లేదో, జాకెట్ మీదికి లాక్కుని ఒరిగిపోయింది. సరస్సు మీద పొగమంచు లేస్తోంది. అలవాటు కొద్దీ నేను నోట్‌బుక్కు తీశాను, పెన్ను మూత తీశాను. డోరీన్ రాగం ఎత్తుకోలేదు.

బండి కదిలాక ఆవిడ గొంతు ఊరుకోవడం ఆ పాతికేళ్లలో నేనెరగను. పావుగంట చూశాను, గంట చూశాను. డోరీన్ అద్దంలోంచి వెనకనున్న ఆ పిల్లని ఒకసారి చూసి, వేగం కొంచెం తగ్గించింది. గతుకులొచ్చిన చోట పక్కకి తప్పించి నడిపింది. కాఫీకి ఆపినప్పుడు కూడా ఇంజను ఆపలేదు. చప్పుడు మారితే పిల్ల లేస్తుందని సైగ చేసి, నన్ను దిగమంది.

నేను కాఫీలు పట్టుకొచ్చేసరికి అద్దం వెనక ఉత్తరం లేదు. కిటికీ పక్కన చెత్తడబ్బాలో చిన్న చిన్న కాగితం ముక్కలు కనిపించాయి. నేను నోట్‌బుక్కు సీటు కింద పెట్టేశాను.

చెట్లు, నీళ్లు, చెట్లు, నీళ్లు. వెనక నుంచి ఊపిరి వినిపిస్తోంది, సన్నగా, నిదానంగా. ఆ పొగమంచులో, ఆ ఎండలో, ఎన్ని మాటలు నా కిటికీ దాకా వచ్చి వెళ్లిపోయాయో! ఒక్కటీ పట్టుకోలేదు. మేమిద్దరం కలిసి చేసిన పనుల్లో మంచిది ఏదని ఎవరైనా అడిగితే, ఆ రోజు నోరు మూసుకుని వెళ్లడమే అంటాను.

నార్త్ యార్క్ టవర్లు కనిపించే వేళకి ట్రాఫిక్‌లో బండి నెమ్మదించింది. శిరీష లేచి కూర్చుంది. జుట్టంతా రేగిపోయి ఉంది, చెంప మీద జాకెట్ జిప్పు అచ్చు పడింది.

"మస్తు కల వచ్చింది ఆంటీ" అంది.

ఏం కల? ప్రశ్న నాలుక చివరదాకా వచ్చింది. ఈ రెండు మాటలు అడిగే కదా నేను ఇన్నేళ్లు బతికింది! డోరీన్‌కి తెలుగు రాదు, అయినా స్టీరింగ్ మీద చేతులు బిగించి నా వైపే చూస్తోంది.

"ఇంకో అర్ధగంట పడుతుందమ్మా" అన్నాను. "పడుకో."